గుడి స్తంభాన్ని కొలిచి, గీసి, దాని కాలం పోల్చుకోవడం ఎలా?

వారానికి ఒకరైనా నాకు స్తంభం ఫొటో పంపుతారు. కింద ఒకే ప్రశ్న: "మా ఊరి గుడిలోది, ఏ రాజుల కాలానిది?" ఫొటోలో నడిమి భాగంలోని బొమ్మ ఒక్కటే ఉంటుంది. స్తంభం మొదలు కనిపించదు, తల కనిపించదు, ఎంత ఎత్తో తెలియదు. చొక్కా గుండీ ఫొటో పంపి "ఈయనది ఏ ఊరు?" అని అడిగినట్టే ఇది. నాకు జవాబు తెలియక కాదు, ఆ ఫొటోలో జవాబు ఉండదు.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. ఇద్దరు మనుషులు ఒక పూట కూర్చుంటే ఒక స్తంభం పూర్తవుతుంది. కొలత ముందు, కాలం తర్వాత. ఈ వరుస తప్పితే కళ్లకు చూడాలనుకున్నదే కనిపిస్తుంది. కాకతీయులదని ముందే అనుకుని వెళ్లినవారికి విజయనగర స్తంభం కూడా కాకతీయమే.

ఇది మండపాల్లో కప్పును మోసే రాతి స్తంభాల కోసం. ధ్వజస్తంభం ఏ బరువునూ మోయదు, చాలాచోట్ల లోపలిది కర్ర, పైన లోహపు తొడుగు. దానికి ఈ లెక్కలు పనికిరావు.

కావలసినవి

- 5 మీటర్ల స్టీలు టేపు
- దర్జీలు వాడే మెత్తని టేపు (చుట్టుకొలతకు), సాగని నూలు దారం
- గుండుదారం. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునేది
- లెవెల్ పైపు. నీళ్లు నింపిన పారదర్శకమైన సన్న గొట్టం, నాలుగైదు మీటర్లు చాలు
- ఏ3 గళ్ల కాగితం, అట్ట, పెన్సిలు, రబ్బరు. పెన్ను వద్దు
- టార్చిలైటు
- ఒక మీటరు కర్ర. 10 సెంటీమీటర్లకు ఒక పట్టీ చొప్పున నలుపు, తెలుపు రంగులు వేసుకోండి
- ఫోను (ఫొటోలకు, దిక్సూచికి)
- తోడు ఒక మనిషి

తీసుకెళ్లకూడనివి కూడా చెప్పాలి. సుద్దముక్క, ఇనుప బ్రష్, నూనె, నీళ్లు ఇంట్లోనే ఉంచండి. చెరిగిన అక్షరాలు కనిపించాలని సుద్దపొడి రుద్దడం మన దగ్గర బాగా అలవాటు. ఆ పొడి రాతి రంధ్రాల్లోకి వెళ్లి ఉండిపోతుంది, తర్వాత వచ్చి చదివేవారికి అడ్డం పడుతుంది. అదే పని టార్చిలైటు చేస్తుంది. ఎలాగో 7వ మెట్టులో చెబుతాను.

అనుమతి సంగతి

కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడమైతే అక్కడి సిబ్బందికి ముందుగా చెప్పండి. టేపు పట్టుకుని స్తంభం చుట్టూ తిరిగేవారిని ఎవరైనా అనుమానిస్తారు, అది వారి ఉద్యోగ ధర్మం. ట్రైపాడ్ పెట్టాలన్నా, శాసనానికి కాగితపు అచ్చు తీయాలన్నా రాతపూర్వక అనుమతి తప్పనిసరి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పూజలు జరిగే ఊరి గుడి అయితే అర్చకులను అడగండి. మధ్యాహ్నం గర్భగుడి తలుపులు వేశాక మండపం ఖాళీగా ఉంటుంది, మీ పనికి అదే మంచి వేళ.

1. ముందు మండపం పటం గీయండి

ఒక్క స్తంభమే కావాలనుకున్నా, అది మండపంలో ఎక్కడ ఉందో తెలియాలి. ఫోనులో దిక్సూచి చూసి కాగితం పైభాగాన్ని ఉత్తరంగా పెట్టుకోండి. స్తంభాల వరుసలకు ఉత్తరం నుంచి అ, ఆ, ఇ అని, ప్రతి వరుసలో పడమర నుంచి 1, 2, 3 అని పేర్లు పెట్టండి. ఇక నుంచి మీ స్తంభం "ఆ3". ముఖాలు నాలుగూ తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం.

"కుడి", "ఎడమ" అని మాత్రం రాయవద్దు. దేవుడి కుడివైపా, మీ కుడివైపా? నేను మొదట్లో ఒక మండపం మొత్తం అలాగే రాసుకొచ్చాను. ఇంటికి వచ్చి చూస్తే సగం పేజీలు లోపలికి నడుస్తూ రాసినవి, సగం బయటికి వస్తూ రాసినవి. రెండు రోజుల శ్రమ చెత్తబుట్టకు పోయింది.

2. స్తంభాన్ని తల నుంచి పాదం దాకా చూడండి

టేపు తీయకముందే పది నిమిషాలు ఊరకే చూడండి, అదీ పైనుంచి కిందికి. కప్పు కింద దూలం, దూలం కింద చేతులు చాచినట్టున్న రాయి పోతిక. దాని కింద పలకలాంటి ఫలకం. ఆ కింద కుంభం, కలశం లాంటి గుండ్రని భాగాలు ఉండవచ్చు, లేకపోవచ్చు. తర్వాత పొడవాటి కాండం. అన్నిటికంటే కింద పీఠం.

కాండం అడ్డుకోత ఏ ఆకారమో రాసుకోండి. శిల్పశాస్త్రాల్లో చతురస్రానికి బ్రహ్మకాంతం, ఎనిమిది పలకలకు విష్ణుకాంతం, గుండ్రనిదానికి రుద్రకాంతం అని పేర్లు. ఒకే స్తంభంలో మూడూ వరసగా రావచ్చు. అప్పుడు "చతురస్రం–అష్టకోణం–చతురస్రం" అని పైనుంచి వరుస రాస్తే చాలు. సంస్కృతం పేరు గుర్తు రాకపోతే "పలక", "కుండలాంటిది" అనే రాయండి. తప్పు పేరుకంటే మామూలు మాట మేలు.

3. ఎత్తు: నేల నుంచి కాదు, దారం నుంచి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. టేపు నేలకు ఆనించి పైకి లాగుతారు. కానీ మన గుళ్లలో ఆ నేల పాతది కాదు. పాత బండల మీద గ్రానైటు పలకలు, వాటి మీద ఇంకోసారి టైల్స్ పరిచి ఉంటారు. స్తంభం పీఠంలో జానెడు భాగం ఆ కింద పూడిపోయి ఉండవచ్చు.

కాబట్టి ఇలా చేయండి. స్తంభానికి సుమారు మీటరు ఎత్తున నూలు దారం చుట్టి కట్టండి. లెవెల్ పైపు ఒక కొసను దారం దగ్గర పట్టుకుని, రెండో కొసను చుట్టూ తిప్పుతూ నాలుగు ముఖాల మీదా దారం ఒకే మట్టంలో ఉండేలా సర్దండి. ఈ దారమే మీ సున్నా. దీని నుంచి పైకి ఉన్నవి కూడిక గుర్తుతో, కిందికి ఉన్నవి తీసివేత గుర్తుతో రాయండి. పక్క స్తంభాలకూ ఇదే మట్టం తీసుకెళితే, ఏ స్తంభం కుంగిందో కూడా బయటపడుతుంది.

ప్రతి భాగాన్నీ విడివిడిగా కొలిచి కూడవద్దు. టేపును ఒకసారి నిలువుగా పట్టుకుని, సున్నా నుంచి ప్రతి అంచు ఎక్కడ వస్తుందో వరుసగా చదవండి: 18, 62, 95, 131... విడివిడిగా కొలిస్తే ఒక్కో దగ్గర రెండు మిల్లీమీటర్లు పోయినా, పది భాగాలకు రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది.

టేపు కొసన ఉండే ఇనుప కొక్కెం కాస్త కదులుతుంది. అందుకని కొందరు 10 సెంటీమీటర్ల గీత నుంచి మొదలుపెడతారు. పద్ధతి మంచిదే, ఆ 10 తీసేయడం మరిచిపోనంతవరకు. పేజీ పైన "టేపు 10 నుంచి" అని పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఎత్తు చేయికి అందకపోతే రెండు మార్గాలు. లేజర్ కొలత పరికరం ఉంటే నేల మీద పెట్టి దూలం అడుగుకు చూపండి, దారం మట్టం దాకా ఉన్న ఎత్తు తీసేయండి. లేకపోతే మీటరు కర్రను స్తంభానికి ఆనించి నిలిపి, స్తంభం ఎత్తుకు కనీసం మూడు రెట్ల దూరం వెనక్కి వెళ్లి, ఫోను పైకి వంచకుండా ఫొటో తీయండి. ఫొటోలో కర్ర 40 మిల్లీమీటర్లు, స్తంభం 112 మిల్లీమీటర్లు ఉంటే ఎత్తు 2.8 మీటర్లు. ఇది అంచనా మాత్రమే, పటంలో "సుమారు" అని రాయండి. ఫోను పైకి వంచితే తల చిన్నదై, పాదం పెద్దదై లెక్క చెడుతుంది. నిచ్చెన దొరికినా స్తంభానికి మాత్రం ఆనించవద్దు.

4. మందం: ఆకారాన్ని బట్టి లెక్క

చతురస్రమైతే నాలుగు ముఖాలూ కొలవండి, ఒకటి కొలిచి మిగతావి ఊహించవద్దు. చేత్తో చెక్కినవాటిలో ఒక సెంటీమీటరు తేడా మామూలే, ఆ తేడాను పటంలో ఉంచండి.

గుండ్రనిదైతే దర్జీ టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను 3.1416తో భాగించండి. 188.5 సెంటీమీటర్లు వస్తే మధ్యకొలత (వ్యాసం) 60. టేపు ఏటవాలుగా చుట్టుకుంటే కొలత పెరుగుతుంది. మూడుసార్లు చుట్టి తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. పాత గుడ్డ టేపు సాగిపోయి ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందే దాన్ని స్టీలు టేపు పక్కన పెట్టి చూసుకోండి.

ఎనిమిది పలకలదైతే ఒక పలక వెడల్పును 2.414తో హెచ్చించండి. ఎదురెదురు పలకల మధ్య దూరం వస్తుంది. పలక 20 అయితే దూరం 48.3. పదహారు పలకలదైతే 5.03తో హెచ్చించాలి.

ఇక్కడ నాకు ఇష్టమైన పరీక్ష ఒకటుంది. శిల్పి అష్టకోణాన్ని చతురస్రం నుంచే తీస్తాడు, నాలుగు మూలలు కోసి. 60 సెంటీమీటర్ల చతురస్రం నుంచి సరైన అష్టకోణం రావాలంటే ప్రతి మూలా రెండు వైపులా 17.6 చొప్పున పోవాలి, మధ్యలో 24.8 మిగలాలి. మీ స్తంభంలో కింది చతురస్రం 60 ఉండి, పైన పలకలు ఒకటి దాదాపు 32, ఒకటి 20 చొప్పున మారుతూ వస్తే, అది మీ తప్పు కాకపోవచ్చు. శిల్పి మూలలు తక్కువ కోసి వదిలాడు. సమానం చేసి గీయకండి. ఉన్నది ఉన్నట్టే గీయండి.

5. నిలువుగా ఉందా, ఒరిగిందా?

పైకి పోయే కొద్దీ సన్నబడే స్తంభాన్ని చూసి ఒరిగిందని భయపడేవారు ఉన్నారు. రెండిటినీ విడదీయడం తేలిక. కాండం పైఅంచు దగ్గర చిన్న పుల్లను అడ్డంగా పట్టుకుని, రాతికి 5 సెంటీమీటర్ల దూరంలో గుండుదారం వేలాడదీయండి. గుండు నిలకడగా ఆగాక కింద దారానికి, రాతికి మధ్య దూరం చూడండి. తర్వాత ఎదుటి ముఖం మీద అలాగే చేయండి.

తూర్పున కింద 4, పడమర కింద 2 వచ్చాయనుకోండి. తూర్పు తేడా 1, పడమర తేడా 3. రెండూ కలిపితే 4: మొదలు కంటే తల 4 సెంటీమీటర్లు సన్నం. రెండిటి మధ్య తేడాలో సగం 1: తల తూర్పుకు 1 సెంటీమీటరు ఒరిగింది. గాలి ఉంటే గుండును నీళ్ల చెంబులో వేలాడనివ్వండి, ఊగడం ఆగుతుంది.

ఒరుగుతో పాటు కొత్త పగులు, కిందికి రాలిన రాతిపొడి కనిపిస్తే కొలవడం ఆపి బయటికి వచ్చి చెప్పండి. స్తంభాన్ని తోసి చూడవద్దు. ఇది చెప్పాలా అనిపిస్తుందేమో, లేపాక్షి వెళ్లినవారికి తెలుస్తుంది. అక్కడి నాట్యమండపంలో వేలాడే స్తంభం అడుగు పూర్తిగా నేలను తాకదు, దాని కింద నుంచి గుడ్డ దూర్చి లాగడం ఒక వేడుకైపోయింది. అలాంటి ఖాళీ కొలవాలంటే పలచని అట్టముక్కను అంచు దగ్గర పెట్టి చూస్తే సరిపోతుంది. హంపి విఠ్ఠలాలయంలోని సంగీత స్తంభాలను తట్టకూడదని చెప్పేదీ ఇందుకే. రాయి గట్టిదే, కానీ రోజూ వందల వేళ్లు తగిలితే దేనికైనా అరుగుదల తప్పదు.

6. అతుకులు చూడండి, పోతిక చేతులు లెక్కపెట్టండి

ఈ మెట్టును వదిలేసేవారే ఎక్కువ. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే తెలుస్తుంది.

టార్చిలైటు వెలుతురులో అడ్డంగా సన్నని గీతలు వెతకండి. పీఠం ఒక రాయి, కాండం ఒక రాయి, ఫలకం ఒకటి, పోతిక ఒకటి ఇలా పేర్చి ఉంటే వాటి మధ్య అతుకు గీత కనిపిస్తుంది. పగులు వంకరగా పోతుంది, అతుకు తిన్నగా చుట్టూ తిరుగుతుంది. ఉండవల్లి లాంటి గుహాలయాల్లో మాత్రం అతుకు వెతకవద్దు. అక్కడ స్తంభాన్ని నిలబెట్టలేదు, కొండను తొలుస్తూ స్తంభాన్ని వదిలారు.

తర్వాత పోతికకు ఎన్ని చేతులున్నాయో చూడండి. మండపం మధ్యలో నాలుగు వైపుల నుంచీ దూలాలు వచ్చి కలిసే చోట పోతికకు నాలుగు చేతులు కావాలి. రెండు వైపులే దూలం ఉంటే రెండు చేతులు చాలు. ప్రతి చేతి మీదా దూలం ఆని ఉండాలి. ఒక చేయి ఖాళీగా గాలిలో ఉందంటే ఆ స్తంభం మొదట అక్కడిది కాదు, లేదా పైన ఏదో మారింది. నాలుగు చేతుల పోతిక గోడ పక్కన కనిపిస్తే నేను వెంటనే అనుమానిస్తాను.

స్తంభాలు ప్రయాణం చేస్తాయి. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తప్పించి, కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని మొత్తం విప్పి, పునాది నుంచి మళ్లీ కట్టి, 2024లో తెరిచారు. ఇలాంటి చోట్ల పాత రాళ్ల మధ్య కొత్తగా చెక్కిన రాళ్లు ఉంటాయి. అంచులు మరీ పదునుగా ఉన్నా, మెరుపులో తేడా ఉన్నా, రాతి మూలన రంగుతో రాసిన అంకె కనిపించినా రాసుకోండి. మీరు చూస్తున్నది తిరిగి పేర్చిన స్తంభం అయి ఉండవచ్చు.

7. రాయి, ఉలిగుర్తులు, అక్షరాలు

టార్చిలైటును రాతి ముఖానికి ఎదురుగా కాదు, పక్క నుంచి దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. అరిగిన అక్షరాల గుంతల్లో నీడ నిండి, అప్పటిదాకా కనిపించనివి లేచి వస్తాయి. పగలైతే ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ ఇదే పని చేస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఫొటోలో అంతా చదునుగా ఉంటుంది.

స్తంభానికి సున్నం, ఎనామెల్ రంగు పూసి ఉంటే గోకవద్దు. అర్చకుల చేయి తగిలి రంగు పోయిన చోటో, ట్యూబులైటు బిగించేందుకు కొట్టిన రంధ్రం పక్కనో రాయి ఎలాగూ కనిపిస్తుంది. అక్కడ చూడండి: ముదురు నలుపు, నున్నన, అద్దంలాంటి మెరుపా? బియ్యపు గింజల్లాంటి పలుకులు కలిసిన గ్రానైటా? ఎరుపు, పసుపు చారల ఇసుకరాయా? లేత రంగు సున్నపురాయా?

8. ఫొటోలు

నాలుగు ముఖాలకు నాలుగు నిండు ఫొటోలు, పోతికకు కింద నుంచి ఒకటి, పీఠానికి ఒకటి. ప్రతి ఫొటోలోనూ మీటరు కర్ర, "ఆ3 – తూర్పు" అని రాసిన చీటీ కనిపించాలి. ఫోనుతో త్రిమితీయ నమూనా చేయాలనుకుంటే చుట్టూ మూడు ఎత్తుల్లో తిరుగుతూ, ప్రతి ఫొటో ముందుదానితో సగానికి పైగా కలిసేలా యాభై, అరవై తీయండి. కాకతీయుల నున్నటి నల్లరాతి మీద ఇది తరచూ బెడిసికొడుతుంది. మీరు కదిలినప్పుడల్లా మెరుపు చోటు మారుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని రాయి అనుకుంటుంది. ఫ్లాష్ ఆపి, మబ్బు పట్టిన రోజు ప్రయత్నించండి.

9. అక్కడే గీయండి

"ఇంటికెళ్లి తీరిగ్గా గీస్తాను" అన్నవారెవరూ పూర్తి చేయగా నేను చూడలేదు. 1:10 కొలమానం తీసుకుంటే 2.8 మీటర్ల స్తంభం కాగితం మీద 28 సెంటీమీటర్లు వస్తుంది, ఏ3లో హాయిగా పడుతుంది. ముందు మధ్య నిలువు గీత, తర్వాత ఎత్తుల అడ్డగీతలు, ఆ తర్వాత మందాలు, చివరగా బొమ్మల స్థానం. బొమ్మల వివరాలు గీయాల్సిన పని లేదు. "పడమర, కింది పలక: నరసింహుడు" అని రాస్తే సరి. ఆకారం మారిన ప్రతిచోటా పక్కన చిన్న అడ్డుకోత గీయండి.

లేచే ముందు మూడు పరీక్షలు:

- దూలం అడుగు నుంచి నేల దాకా ఒకే కొలతగా తీసి, మీ వరుస కొలతలతో పోల్చండి. ఒక సెంటీమీటరు దాటి తేడా ఉంటే మళ్లీ.
- మీ స్తంభం ఒక మూలగా ఉండే నాలుగు స్తంభాల గడికి రెండు ఐమూలలు (కర్ణాలు) కొలవండి. ఎదురెదురు భుజాలు సమానమై, ఐమూలలు కూడా సమానమైతేనే మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నట్టు. కాకపోతే పటంలో ఆ గడిని దీర్ఘచతురస్రంగా గీయకండి.
- కాగితాన్ని తోడు మనిషికి ఇచ్చి, ఏదైనా ఒక కొలతను స్తంభం మీద చూపమనండి. వారు తడబడితే మీ గుర్తులు మీకు తప్ప ఎవరికీ అర్థం కావని తేలినట్టే.

10. ఇప్పుడు కాలం అడగండి

ఒక్క లక్షణంతో తీర్పు చెప్పకండి. రాయి, ఆకారం, పోతిక, బొమ్మలు, అతుకులు అన్నీ ఒకే మాట చెబితేనే నమ్మండి.

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో బాదామి చాళుక్యుల పని ఉంది, 7వ శతాబ్దం నాటిది. రాయి ఇసుకరాయి. స్తంభాల మీద ఆకులు, తీగలు పొంగి పొర్లే పూర్ణఘటం కనిపిస్తుంది.

కాకతీయుల ముద్ర వేరు. వేయిస్తంభాల గుడిలో, 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలో రంగమండపం మధ్య నిలిచిన నాలుగు స్తంభాలు చూడండి. నల్లరాయి, నున్నటి మెరుగు, చతురస్రపు దిమ్మెల మధ్య కుమ్మరి సారె మీద తిప్పినట్టున్న గుండ్రని వలయాలు. అంచులు కత్తిలా ఉంటాయి. రాయి పలుకు సన్నం కాబట్టి నగిషీ అంత లోతుగా, అంత చిన్నగా సాధ్యమైంది.

విజయనగరానికి వస్తే గ్రానైటు. పలుకు ముతక, కాబట్టి నగిషీ కంటే ఆకారానికి ప్రాధాన్యం. సాధారణ స్తంభంలో బొమ్మలున్న మూడు చతురస్రపు దిమ్మెలు, వాటి మధ్య ఎనిమిది లేదా పదహారు పలకల పట్టీలు. చతురస్రం పలకలుగా మారే మూలల్లో పాము పడగలాంటి నాగబంధం. పోతిక నుంచి కిందికి వేలాడే తామరమొగ్గ, దీన్నే పుష్పపోతిక అంటారు. ఘనమైన మండపాల్లో స్తంభం నుంచే ముందుకు దూకే యాళి (సింహంలాంటి ఊహామృగం), గుర్రపు రౌతు, పక్కన సన్నని చిన్న స్తంభాలు, అన్నీ ఒకే రాతిలో. లేపాక్షి, తాడిపత్రి ఒకసారి చూసి వస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

స్తంభం మీద శాసనం ఉంటే సంబరపడే ముందు రెండు జాగ్రత్తలు. మొదటిది, శాసనం తేదీ దానం చేసిన తేదీ. స్తంభం అంతకుముందు వందేళ్ల నుంచీ అక్కడే ఉండవచ్చు. రెండోది, శక సంవత్సరానికి 78 కలపడమే లెక్క అనుకోవద్దు. వేయిస్తంభాల గుడిలో కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం శక 1084 చిత్రభాను సంవత్సరం, మాఘ మాసం. 78 కలిపితే 1162. కానీ మాఘం జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది. సరైన జవాబు 1163. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఏ తేదీ వచ్చినా 79 కలిపి చూసుకోండి.

గుడి కాకుండా బంగళా స్తంభమైతే

హైదరాబాదు కోఠిలో మహిళా కళాశాలగా అందరూ ఎరిగిన పాత రెసిడెన్సీ భవనం, మద్రాసులోని పాత చర్చీలు లాంటివాటికి గ్రీకు, రోమను పద్ధతి స్తంభాలుంటాయి. వీటిని తలను బట్టే పోల్చుకోవాలి. తలలో ఆకుల గుత్తి ఉంటే కొరింథియన్. పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు ఉంటే అయోనిక్. రెండూ లేకుండా సాదా పలక, కింద గిన్నె ఉంటే డోరిక్. సాదాగా ఉండి, పాదం కూడా ఉండి, కాండం మీద నిలువు గాడులు లేకపోతే రోమన్ల టస్కన్ కావచ్చు. అసలు గ్రీకు డోరిక్‌కు పాదం ఉండదు, గాడులు సాధారణంగా 20. అయోనిక్‌కు 24.

వీటికి ఎత్తును మొదలు మందంతో భాగించి చూడండి. ఏథెన్సు పార్థెనాన్‌లో ఎత్తు సుమారు 10.4 మీటర్లు, మందం 1.9, అంటే ఐదున్నర రెట్లు. కొరింథియన్ పది రెట్ల దగ్గర ఉంటుంది. కాండం నడుమ చిన్న ఉబ్బు ఉందేమో చూడాలంటే పైనుంచి కిందికి దారం బిగించి పట్టుకోండి. పార్థెనాన్‌లో ఆ ఉబ్బు రెండు సెంటీమీటర్లు కూడా లేదు, కాబట్టి కంటిని నమ్మకండి.

మన దగ్గర ఇవి ఎక్కువగా రాయి కావు. ఇటుక కట్టి, మీద సున్నపు గార నున్నగా రుద్దినవి. అందుకే అతుకులు కనిపించవు, కొత్త సిమెంటు పూతలు కలిసి మందం పెరిగి ఉంటుంది. పూత ఊడిన చోట కొలిచి, పూత ఎంత మందమో విడిగా రాయండి. మండువా లోగిలి చెక్క స్తంభాలకైతే చెద తగలకుండా కింద పెట్టిన రాతి దిమ్మెను కలపకుండా, చెక్క ఎత్తు వేరుగా తీయండి.

ఇంత చేశాక కూడా అనుమానం మిగిలితే నాకు పంపండి. నాలుగు కావాలి: మీటరు కర్రతో నిండు ఫొటో, కింద నుంచి తీసిన పోతిక, పీఠం నేలను తాకే చోటు, మండపం పటంలో స్తంభం స్థానం. నడిమి బొమ్మను అయిదోదిగా పంపండి.